బాదం పరిమళంతో స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్ చేసుకోవడం ఎలా?

అమెరికాలో స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్ వేసవి వంటకం. విశాఖపట్నంలో మనకు లంబసింగి వైపు తోటల పండ్లు చలికాలంలో మొదలై ఇంచుమించు మార్చి వరకు దొరుకుతాయి కాబట్టి, దీనిని ఎండలు ముదరకముందే చేసుకోవడం మేలు. పేరులో కేక్ ఉన్నా ఇది స్పాంజి కేకు కాదు, మధ్యలో పండ్లు, క్రీమ్ పెట్టుకునే మందపాటి బిస్కెట్ లాంటిది. జంతికల పిండిలో వెన్న కలిపితే అవి గుల్లగా వస్తాయి కదా, ఇక్కడ షార్ట్ అన్న మాటకు అర్థం ఆ గుల్లదనమే. వెన్న మైదా రేణువులను పట్టుకుని పిండికి సాగుడు రానివ్వదు.

ఆరు షార్ట్‌కేకులకు 200 గ్రాముల మైదా, 60 గ్రాముల బాదంపప్పు, 85 గ్రాముల వెన్న, 40 గ్రాముల పంచదార, రెండున్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూను ఉప్పు, సుమారు 100 మిల్లీలీటర్ల చల్లని పాలు కావాలి.

ముందుగా బాదంపప్పును వేడినీళ్లలో నానబెట్టి, పొట్టు తీసి, తడి పూర్తిగా ఆరనివ్వాలి. సముద్రపు గాలికి మన ఊళ్లో అది త్వరగా ఆరదు కనుక, సన్నని సెగ మీద కాసేపు వేయించి చల్లార్చాలి. తర్వాత పంచదారలో ఒక చెంచా కలిపి మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే నూనె దిగి ముద్దవుతుంది.

ఈ పొడిని మైదా, మిగిలిన పంచదార, బేకింగ్ పౌడర్, ఉప్పుతో కలిపి, గిన్నెతో సహా పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఇది చాదస్తం కాదు, విశాఖ వంటింట్లో వెన్న చేతిలోనే కరిగిపోతుంది. ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన వెన్నను ముక్కలుగా కోసి, అరచేయి తగలకుండా వేళ్ల కొసలతో పిండిలో నలపాలి. అక్కడక్కడ బఠాణీ గింజంత పలుకులు మిగలాలి, ఎందుకంటే ఓవెన్ వేడికి వాటిలోని నీరు ఆవిరై పిండిని పొరలుగా విడదీస్తుంది.

పాలలో పావు టీస్పూను బాదం ఎసెన్స్ కలిపి, పిండి దగ్గరకు వచ్చేంత మేరకే పోయండి. మొదటిసారి నేను ధారాళంగా ఒక టీస్పూను వేస్తే ఇల్లంతా దగ్గుమందు వాసన వచ్చింది. ముద్దను చపాతీ పిండిలా మర్దించకుండా, రెండున్నర సెంటీమీటర్ల మందాన తట్టి, పదునైన అంచున్న గ్లాసుతో తిప్పకుండా నేరుగా అదిమి కోయాలి. అంచు మెలిపడితే సరిగా పొంగవు. ఈ బిళ్లలను మరో 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, పైన పాలు రాసి, బాదం పలుకులు చల్లి, ముందే 200 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 15 నుంచి 18 నిమిషాలు కాల్చాలి. పలుకులు ముందే మాడేటట్లుంటే పైన అల్యూమినియం రేకు కప్పండి.

ఈలోగా 400 గ్రాముల స్ట్రాబెర్రీలను కోసి, మూడు పెద్ద చెంచాల పంచదార కలిపి అరగంట ఉంచితే ఎర్రని రసం ఊరుతుంది. క్రీమ్ విషయంలో ప్యాకెట్ మీద కొవ్వు శాతం చూసి కొనాలి. 25 శాతం ఉన్నది ఎంత గిలక్కొట్టినా నిలబడదు, కనీసం 30 శాతం ఉండాలి. అది దొరకకపోతే గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగులో కాస్త పంచదార కలిపి వాడవచ్చు, నిజానికి ఆ పులుపే నాకు ఎక్కువ నచ్చుతుంది.

చల్లారిన షార్ట్‌కేకును అడ్డంగా రెండుగా విడదీసి, రసంతో సహా పండ్లు, ఆపైన క్రీమ్ వేసి, రెండో సగం మూసి వెంటనే వడ్డించాలి. మిగిలినవాటిని విడిగా డబ్బాలో ఉంచినా గాలిలోని తేమకు సాయంత్రానికి మెత్తబడతాయి. అప్పుడు 160 డిగ్రీల వద్ద ఐదు నిమిషాలు వేడి చేస్తే పైభాగం మళ్లీ కరకరలాడుతుంది.