కొత్తపట్నంలో శత్రుసేన దిగితే ఎంత దూరం రాగలదు? లెక్క కట్టే పద్ధతి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతటితో ఆగక ఒక డివిజన్ (పదిహేను వేల మంది దాకా ఉండే సేన) ఒంగోలు దగ్గరి తీరగ్రామం కొత్తపట్నం దగ్గర దిగి నెల్లూరుకు బయల్దేరి ఉంటే? ఇలాంటి ఊహా కథలు, యుద్ధ ఆటలు రాసేవాళ్లు ముందుగా పటం మీద బాణం గీసేస్తారు. టన్నులు లెక్కపెట్టాకే బాణం గీయాలి.

పదిహేను వేల మందికి పోరు సాగేటప్పుడు రోజుకు 200 టన్నుల సరుకు కావాలనుకుందాం. అందులో తిండి 15, 20 టన్నులే. మిగతాదంతా మందుగుండు, పెట్రోలు. ఊళ్ల మీద పడి తింటారులే అనడం అందుకే చాలదు. గాదెల్లో వడ్లు దొరుకుతాయి, ఫిరంగి గుండ్లు దొరకవు. తిండికైనా ఆ ధీమా పనికిరాదు: 1944లో ఇంఫాల్ మీదికి జపాన్ సేన సుమారు మూడు వారాల తిండితో, పశువులను తోలుకుని వెళ్లింది. పోరు నెలల తరబడి సాగేసరికి ఆకలితో కూలిపోయింది.

తర్వాత దింపుడు. ఓడ ఆనేంత లోతు అక్కడ లేదు. సరుకంతా అలల్లో చిన్న పడవల మీదే రావాలి. రోజుకు ఒడ్డుకు చేరింది 260 టన్నులైతే, లారీలు వెయ్యి ఉన్నా ముందుకు పోయేది 260 టన్నులే.

ఇక రవాణా. డిపో (సరుకు నిల్వ చేసే చోటు) ఒంగోలులో పెడితే నెల్లూరు సుమారు 120 కి.మీ., రానూపోనూ 240. రెండు టన్నుల లారీ రోజుకు 160 కి.మీ. తిరిగితే ఒక్కో ట్రిప్పుకు రోజున్నర. రోజుకు వంద లోడ్లకు 150 లారీలు కావాలి. మూడో వంతు మరమ్మతులో ఉంటాయి కాబట్టి 225. లీటరుకు 3 కి.మీ. చొప్పున వాటికే రోజుకు 8,000 లీటర్లు. పాలేరు, మన్నేరు వంతెనలు పేల్చేస్తే వేసవి ఇసుకలో తాటిమొద్దులు పరిచి దాటించాలి. వేగం రోజుకు 100 కి.మీ.కి పడిపోతే 225 కాస్తా 360 అవుతుంది. అక్టోబరు దాటితే వరదలొచ్చి ఆ దారీ ఉండదు.

ఒంగోలు ఎడ్లున్నాయిగా అంటారా? బండికి అర టన్ను, రోజుకు 20 కి.మీ. రానూపోనూ 12 రోజులు, అంటే 4,800 బండ్లు, 9,600 ఎడ్లు. ఒక్కోదానికి పది కిలోల ఎండుమేత వేసినా రోజుకు 96 టన్నులు. మోసే సరుకులో దాదాపు సగం!

రైలు మార్గం చేతికొచ్చినా సంబరపడొద్దు. మన బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ., జపాన్ వాళ్లది 1,067. వాళ్ల ఇంజన్లు మన పట్టాల మీద నడవవు. వెనక్కి తగ్గే సేన ఇంజన్లు తోలుకుపోయి, నీళ్ల ట్యాంకులు పగలగొడితే పట్టాలుండీ ప్రయోజనం లేదు.

కాబట్టి కథలో ప్రతి 40 కి.మీ.కు ఒక డిపో పెట్టండి. ఏడు రోజుల సరుకు, అంటే 1,400 టన్నులు నిండేదాకా సేనను కదపకండి. పోరు లేని రోజుల్లో ఖర్చు 100 టన్నులైతే రోజుకు 160 మిగులుతుంది, తొమ్మిది రోజులు ఆగితే చాలు. అవతలివాళ్లు రోజూ కాల్పులు జరుపుతుంటే మిగిలేది 60 టన్నులే, ఆగాల్సింది 24 రోజులు.