సోషల్ వర్కర్ తప్పుకున్నాక కుటుంబం నిలబడాలంటే: ఇంగ్లండ్‌లో స్టెప్ డౌన్ చేసే పద్ధతి

ఒక కుటుంబం విషయంలో కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) సోషల్ వర్కర్ పని ముగించి, ఆ కుటుంబాన్ని ఎర్లీ హెల్ప్ బృందానికి, అంటే కుటుంబం ఇష్టం మీద తొలి దశ సాయం చేసేవాళ్ళకు, అప్పగించడాన్ని ఇంగ్లండ్‌లో స్టెప్ డౌన్ అంటారు. కాగితం మీద చూస్తే ఇది ఒక ఫారం, ఒక మీటింగు. కానీ మూసేసిన కేసు ఆరు నెలల్లో మళ్ళీ తెరుచుకుంటుందా లేదా అన్నది చాలావరకు ఈ అప్పగింత జరిగిన తీరును బట్టే ఉంటుంది. అక్కడ సోషల్ వర్కర్లుగా, ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్లుగా, బడుల్లో సేఫ్‌గార్డింగ్ (పిల్లల రక్షణ) బాధ్యత చూసేవాళ్ళుగా పనిచేస్తున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాం. ఈ దశలో ఉన్న తల్లిదండ్రులు చదివినా మంచిదే. అధికారులు దేనికోసం చూస్తున్నారో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. స్కాట్లండ్, వేల్స్ నియమాలు వేరు కాబట్టి వాటి జోలికి వెళ్ళడం లేదు.

ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతున్నారు

1989 చిల్డ్రన్ యాక్ట్‌లోని రెండు సెక్షన్లు గుర్తుంటే చాలు. బిడ్డకు తీవ్రమైన హాని జరుగుతోందనో జరగబోతోందనో అనుమానించడానికి తగిన కారణం ఉంటే సెక్షన్ 47 కింద కౌన్సిల్ విచారణ చేసి తీరాలి. అక్కడ తల్లిదండ్రులు వద్దన్నా విచారణ ఆగదు. సెక్షన్ 17 'చైల్డ్ ఇన్ నీడ్'కి, అంటే సాయం అవసరమైన పిల్లలకు, సంబంధించినది. సాయం అందకపోతే ఆరోగ్యమో ఎదుగుదలో దెబ్బతినే పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు దీని కిందికి వస్తారు. ఎర్లీ హెల్ప్ ఈ రెండింటికీ దిగువ మెట్టు. అది పూర్తిగా కుటుంబం ఇష్టం మీద నడుస్తుంది. వద్దంటే అక్కడితో ఆగిపోతుంది.

చైల్డ్ ప్రొటెక్షన్ ప్లాన్ (తీవ్ర హాని నుంచి కాపాడే ప్రణాళిక) మీద ఉన్న బిడ్డను సోషల్ వర్కర్ తనంతట తాను కిందికి దించలేరు. అది ఆ ప్లాన్‌ని అన్ని సంస్థలవాళ్ళూ కలిసి సమీక్షించే రివ్యూ కాన్ఫరెన్స్‌లో తేలాలి. మొదటి రివ్యూ మూడు నెలల్లోపు, తర్వాతవి ఆరు నెలలు మించకుండా జరుగుతాయి. అక్కడ ప్లాన్ ఎత్తేసినంత మాత్రాన నేరుగా ఎర్లీ హెల్ప్‌కి పంపకండి. మధ్యలో మూడు నెలలైనా చైల్డ్ ఇన్ నీడ్ ప్లాన్ మీద ఉంచి చూడాలి. పైనుంచి గమనించే కళ్ళు తగ్గాక కూడా మార్పు నిలిచిందా అన్నది తెలిసేది అప్పుడే.

2023 చివర్లో వచ్చిన 'వర్కింగ్ టుగెదర్' మార్గదర్శకాల ప్రకారం సెక్షన్ 17 కేసులో కూడా సోషల్ వర్కర్ కాని వ్యక్తి లీడ్ ప్రాక్టీషనర్‌గా, అంటే ఆ కుటుంబం సాయాన్ని ముందుండి నడిపేవాళ్ళుగా, ఉండవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి మొదలైన ఫ్యామిలీస్ ఫస్ట్ పార్ట్‌నర్‌షిప్ కార్యక్రమం కింద కౌన్సిళ్ళు ఎర్లీ హెల్ప్‌నీ చైల్డ్ ఇన్ నీడ్‌నీ కలిపి 'ఫ్యామిలీ హెల్ప్' అనే ఒకే సేవగా మారుస్తున్నాయి. అలా మారిన చోట మెట్టు మారినా మనిషి మారకపోవచ్చు. కుటుంబానికి అది పెద్ద మేలు. మీ కౌన్సిల్ ఏ దశలో ఉందో, ఏ అవసరానికి ఏ మెట్టు సాయమో చెప్పే అక్కడి థ్రెషోల్డ్ డాక్యుమెంట్ ఏమంటోందో ముందు చూసుకోండి. ఎర్లీ హెల్ప్‌ని ఒకచోట 'లెవల్ 2' అంటారు, ఇంకోచోట 'లెవల్ 3' అంటారు.

గొడవ సద్దుమణిగిందా, పరిస్థితి మారిందా

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ ప్రశ్న దగ్గరే. నాలుగు వారాలుగా కొత్త ఫిర్యాదు లేదు, విజిట్‌కి వెళ్ళినప్పుడు ఇల్లు శుభ్రంగా ఉంది, తల్లిదండ్రులు ఫోన్ ఎత్తుతున్నారు. ఇవన్నీ సద్దుమణిగిన గుర్తులే. మారిందనడానికి రుజువు వేరే కావాలి, అది వీలైనంతవరకు మన విజిట్ బయట దొరకాలి.

ఒక మామూలు పరిస్థితి తీసుకుందాం. తల్లి కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టులు చేస్తుంది, తండ్రి తెల్లవారుజామున గోదాములో పనికి వెళ్తాడు. మధ్యలో రెండు గంటలు ఎనిమిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు ఒంటరిగా ఉంటున్నారని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. పిల్లల్ని ఏ వయసు నుంచి ఒంటరిగా వదలవచ్చో ఇంగ్లండ్ చట్టం అంకె చెప్పదు. కానీ ప్రమాదం కలిగేలా వదిలితే అది నేరం. ఇక్కడ 'ఇకపై వదలమండీ' అన్న మాట చాలదు. ఎనిమిది వారాల షిఫ్టు రోటాలు ఇద్దరివీ పక్కపక్కన పెట్టి ఖాళీ గంటలు ఎక్కడున్నాయో చూడండి. ఆ గంటల్లో పిల్లల దగ్గర ఎవరున్నారో అడిగి, బడి హాజరు పట్టీతోనూ, పాపను విడిగా కలిసినప్పుడు చెప్పిన మాటలతోనూ సరిపోల్చండి. మూడూ ఒకే మాట చెబితే అది రుజువు.

అమ్మమ్మో నానమ్మో వచ్చి పిల్లల్ని చూసుకుంటోందని తెలిస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆమె విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే మామూలుగా ఆరు నెలలకు మించి ఉండలేదు. ఆమె తిరుగు ప్రయాణం తేదీ ప్లాన్‌లో రాసి, ఆ మర్నాటి నుంచి ఎవరు చూస్తారో కూడా రాయండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే ప్లాన్ కూలిపోవచ్చు.

గృహహింస ఉన్న ఇంట్లో తండ్రి వెళ్ళిపోవడాన్ని మార్పు అని రాసుకోకండి. విడిపోయిన వెంటనే ప్రమాదం పెరిగే సందర్భాలు ఎన్నో. అతను పిల్లల్ని ఎక్కడ, ఎవరి సమక్షంలో కలుస్తున్నాడో తేలాలి. 2021 డొమెస్టిక్ అబ్యూజ్ యాక్ట్ ప్రకారం ఆ హింసను చూసిన, విన్న, దాని ప్రభావానికి లోనైన పిల్లలు కూడా బాధితులే. కాబట్టి తల్లి క్షేమంగా ఉందన్నంత మాత్రాన పిల్లల పని అయిపోయినట్టు కాదు.

కొలవడానికి 0 నుంచి 10 స్కేలు వాడండి. 0 అంటే పిల్లలు ఈ రోజే ప్రమాదంలో ఉన్నారు, 10 అంటే సోషల్ వర్కర్ అవసరమే లేదు. తల్లి, తండ్రి, టీచరు, హెల్త్ విజిటర్ (చిన్నపిల్లల ఆరోగ్యం చూసే నర్సు), చెప్పగల వయసుంటే పిల్లలు తలా ఒక అంకె చెప్పాలి. సగటు తీయకండి. తల్లి 9 అని, టీచరు 5 అంటే ఆ నాలుగు అంకెల తేడాలోనే మీ పని ఉంది.

ఒప్పుకోలు అడిగే తీరు

సోషల్ వర్కర్ ఎదురుగా కూర్చుని 'ఎర్లీ హెల్ప్ తీసుకుంటారా' అంటే దాదాపు అందరూ సరే అంటారు. పిల్లల్ని తీసుకెళ్ళిపోతారన్న భయంలో ఉన్నవాళ్ళు ఇంకేమంటారు? అలా వచ్చిన 'సరే' ఫోన్ ఎత్తకపోవడంతో మూడో వారానికే తేలిపోతుంది. అందుకని ముందు విడిగా, తీరిగ్గా చెప్పాలి:

'అమ్మా, నా పని అయిపోవచ్చింది. పిల్లల క్షేమం గురించి మాకు మొదట ఉన్న భయం ఇప్పుడు లేదు. డబ్బుల విషయం, బాబు మాటలు ఆలస్యం కావడం, ఈ రెండూ ఇంకా మిగిలాయి. వీటికి సాయం చేసే మనిషి ఉన్నారు. మీరు వద్దనవచ్చు. వద్దన్నందుకు మీ మీద ఏ చర్యా ఉండదు. ఆలోచించుకుని వచ్చే వారం చెప్పండి.'

వద్దనవచ్చు, ఏ చర్యా ఉండదు అన్న ఆ రెండు మాటలు నిజమైతేనే చెప్పండి. సాయం లేకపోతే పిల్లలకు హాని జరుగుతుందని మీకు అనిపిస్తుంటే ఆ కుటుంబం స్టెప్ డౌన్‌కి సిద్ధంగా లేదన్నమాట. 'ఒప్పుకోకపోతే మళ్ళీ సోషల్ వర్కర్ వస్తారు' అని మాత్రం ఎన్నడూ అనకూడదు. తల్లినీ తండ్రినీ వేర్వేరుగా అడగండి. ఇంట్లో అంతా తల్లితోనే మాట్లాడి, తండ్రి పేరు కూడా ప్లాన్‌లో లేని కేసులు కనిపిస్తూనే ఉంటాయి.

దుబాసీ కావాలంటే బంధువులను, ముఖ్యంగా పిల్లలను, వాడకండి. తెలుగువాళ్ళు తక్కువగా ఉన్న ఊళ్ళో వచ్చిన దుబాసీ అదే తెలుగు సంఘంలో సభ్యుడై ఉండవచ్చు. తల్లి నోరు విప్పకపోవడానికి అదే కారణం కావచ్చు. వేరే ఊరి నుంచి ఫోన్ దుబాసీని అడగండి, కుటుంబం ఇంటిపేరు ముందుగా చెప్పకండి.

అప్పగింత: నాలుగు వారాల పని

మొదటి వారం ఎర్లీ హెల్ప్ బృందంతో మాట్లాడి, తీసుకోబోయే వర్కర్ పేరు ఖరారు చేసుకోండి. 'వెయిటింగ్ లిస్టులో పెట్టాం' అని జవాబు వస్తే కేసు మూయకండి. ఆరు వారాలు ఎవరూ రాని ఖాళీలోనే పాత అలవాట్లు తిరిగొస్తాయి.

రెండో వారం అప్పగింత కాగితం రాయండి. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు. కేసు ఎందుకు మొదలైంది, ఏది మారింది, దానికి రుజువేమిటి, ఇంకా ఏం మిగిలింది, పాతవాటిలో ఏ సాయం పనిచేయలేదు, ఏ గుర్తు కనిపిస్తే ఆందోళన పడాలి, ఇంతే. దీనితో పాటు ముఖ్య సంఘటనల తేదీల వరస కూడా జతచేయాలి. పాత చరిత్ర తెలియని కొత్త వర్కర్ ప్రతి సంఘటననూ మొదటిసారి జరిగినట్టే చూస్తారు. ఆ కాగితాన్ని పంపేముందు తల్లిదండ్రులకు చదివి వినిపించండి. వాళ్ళకు నచ్చని వాక్యం ఉంటే వాళ్ళ అభిప్రాయం కూడా పక్కనే రాయండి.

మూడో వారం సోషల్ వర్కర్, కొత్త వర్కర్ ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళాలి. ఈ ఉమ్మడి విజిట్‌ని ఫోన్ కాల్‌తో సరిపెట్టడం బాగా జరుగుతోంది. అది పెద్ద తప్పు. సోషల్ వర్కర్ తనకు తెలిసిన కష్టమైన విషయాన్ని కుటుంబం ముందే చెప్పాలి. అప్పుడు కొత్త వర్కర్ దాన్ని మళ్ళీ తవ్వాల్సిన అవసరం ఉండదు, తల్లి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనక్కరలేదు.

నాలుగో వారం చివరి చైల్డ్ ఇన్ నీడ్ రివ్యూ. దీన్నే మొదటి టీమ్ అరౌండ్ ద ఫ్యామిలీ మీటింగుగా, అంటే కుటుంబమూ సాయం చేసేవాళ్ళందరూ కలిసి కూర్చునే మీటింగుగా, నడపండి. ఆ గదిలోనే లీడ్ ఎవరో తేల్చి, కొత్త ప్లాన్‌లో మూడు నాలుగు లక్ష్యాలకు మించకుండా రాసి, ఆరు వారాల్లోపు తర్వాతి మీటింగు తేదీ వేసి లేవాలి. జీపీకి (కుటుంబ వైద్యుడికి), బడికి, హెల్త్ విజిటర్‌కి మార్పు తెలుపుతూ ఉత్తరాలు వెళ్ళాలి. కంప్యూటర్‌లో కేసు మూసేది ఇవన్నీ అయ్యాకే.

లీడ్‌గా ఎవరిని పెట్టాలన్నది కుటుంబాన్నే అడగండి. పిల్లలు బడి వయసువాళ్ళయితే బడికి, చిన్నవాళ్ళయితే హెల్త్ విజిటర్‌కో ఫ్యామిలీ హబ్‌కో (కుటుంబాలకు సాయం ఒకేచోట దొరికే కేంద్రానికో) వెళ్ళడం మామూలు. బడిని లీడ్‌గా పెడితే క్యాలెండర్ చూసుకోండి. జూలైలో స్టెప్ డౌన్ చేస్తే వేసవి సెలవుల ఆరు వారాలూ లీడ్ దొరకరు, పిల్లలు రోజూ కనిపించే చోటు ఉండదు, పైన చెప్పిన షిఫ్టుల కుటుంబానికి ఖాళీ గంటలు ఒక్కసారిగా పెరుగుతాయి. జూన్‌లోనే ముగించండి, లేదంటే సెప్టెంబర్ దాకా ఆగండి.

డబ్బు ముడిపడి ఉంటే

వీసా మీద ఉన్న చాలా తెలుగు కుటుంబాలకు 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదన్న) షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, కౌన్సిల్ ఇల్లు వాళ్ళకు రావు. సెక్షన్ 17 కింద కౌన్సిల్ ఇచ్చే సాయం మాత్రం ఈ పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకి రాదు. వీసాకు ఆధారమైన స్పాన్సర్ ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక ఆ సాయం మీద బతుకుతున్న కుటుంబాన్ని ఎర్లీ హెల్ప్‌కి పంపితే సాయానికి ఆధారమైన సెక్షనే పోతుంది. ఎర్లీ హెల్ప్ వర్కర్ ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్‌కి ఉత్తరం రాయగలరు, అద్దె కట్టలేరు. ఆదాయమో వీసా పరిస్థితో తేలేవరకు ఈ కుటుంబాలను స్టెప్ డౌన్ చేయకండి. వీసా సలహా కూడా మీరు ఇవ్వకండి. అర్హత ఉన్న ఇమ్మిగ్రేషన్ సలహాదారు దగ్గరికి పంపండి.

తర్వాతి పన్నెండు వారాలు

ఎర్లీ హెల్ప్ వర్కర్ మొదటి నాలుగు వారాలు వారానికోసారి ఇంటికి వెళ్ళాలి, తర్వాత పదిహేను రోజులకోసారి. ప్రతిసారీ పిల్లలతో కొద్దిసేపైనా విడిగా మాట్లాడాలి. ఎర్లీ హెల్ప్ క్రమంగా తల్లిదండ్రులతో కూర్చుని ఫారాలు నింపే పనిగా మారిపోవడం, పిల్లలు ఎవరికీ కనిపించకపోవడం మెల్లగా జరిగే తప్పు. బడి హాజరును నెలనెలా చూడండి. పది శాతం సెషన్లు (బడి పూటలు) పోతే బడి లెక్కలో అది 'పర్సిస్టెంట్ ఆబ్సెన్స్'. అంతదాకా రాకముందే, సోమవారాలు మాత్రమే మానేయడం లాంటి వరస కనబడితే అడగాలి.

మళ్ళీ పైమెట్టుకి ఎప్పుడు పంపాలో మొదటి మీటింగులోనే కుటుంబానికి చెప్పి ఉండాలి. వివరణ కుదరని దెబ్బ, తనకు హాని జరుగుతోందని బిడ్డ నోటి నుంచి వచ్చిన మాట, హింస చేసిన వ్యక్తి ఇంటికి తిరిగి రావడం వంటివాటికి తర్వాతి మీటింగు దాకా ఆగకూడదు. అదే రోజు కౌన్సిల్ ముందు ద్వారానికి, అంటే చాలాచోట్ల మ్యాష్ అనే, వివిధ సంస్థలవాళ్ళు కలిసి రిఫరళ్ళు (ఆందోళన తెలిపే సమాచారం) చూసే బృందానికి ఫోన్ చేయాలి. రిఫరల్ మీద ఒక పనిదినంలోపు వాళ్ళు నిర్ణయం తీసుకోవాలి. తక్షణ ప్రమాదమైతే ముందు అత్యవసర నంబరు 999. రిఫరల్ చేస్తున్నట్టు తల్లిదండ్రులకు చెప్పాలి, చెబితే బిడ్డకు ప్రమాదం పెరిగే సందర్భాల్లో తప్ప.

మెల్లగా జారే నిర్లక్ష్యం కేసుల్లో ఈ నిర్ణయం కష్టం. అక్కడ ఒక్క పెద్ద సంఘటన ఉండదు. పన్నెండో వారంలో అదే స్కేలు మళ్ళీ అడగండి. అంకెలు కదలకపోతే అదే ప్లాన్‌ని ఇంకో పన్నెండు వారాలు పొడిగించకండి. సూపర్‌వైజర్‌తో కూర్చుని, సాయం మార్చాలా, మెట్టు మార్చాలా అన్నది తేల్చండి.

ఇక తల్లిదండ్రులు తప్పకుండా అడిగేది, ఇది మా రికార్డులో ఉండిపోతుందా అని. కౌన్సిల్ ఫైల్‌లో ఉంటుంది, దాచనక్కరలేదు. చైల్డ్ ఇన్ నీడ్ ప్లాన్ గానీ ఎర్లీ హెల్ప్ గానీ నేరం కాదు, వాటితో క్రిమినల్ రికార్డు రాదు. పోలీసు విచారణ జరిగి ఉంటే అది వేరే సంగతి, దానికి న్యాయవాదిని కలవమని చెప్పండి. తమ గురించి రాసిన రికార్డుల నకలు అడిగే హక్కు వాళ్ళకుంది. మామూలుగా నెలలోపు జవాబివ్వాలి. ఈ విషయాలు, కొత్త వర్కర్ పేరు, నంబరు, తర్వాతి మీటింగు తేదీ, వర్కర్ సెలవులో ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో, అన్నీ తెలుగులో ఒకే కాగితం మీద రాసి, చివరి రివ్యూ అయిన రోజే తల్లికొకటి, తండ్రికొకటి ఇవ్వండి.