ముక్కూమొహం తెలియని వాళ్లతో మాట కలపడం ఎలా

మా నాయినకు వారానికి మూడు రోజులు డయాలసిస్. మంగళ, గురు, శనివారాల్లో తెల్లారకముందే దేవరకొండలో బస్సెక్కి నల్లగొండ పోతాం. మిషన్ మీద ఆయన నాలుగు గంటలు, బయట వరండాలో నేను నాలుగు గంటలు. రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లు నాకు ధైర్యం ఇచ్చినవాళ్లలో సగం మంది పేర్లు కూడా నాకు తెలియవు. వాళ్ల దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లకు, కొత్త ఊళ్లో గది తీసుకుని ఒక్కరే ఉంటున్నవాళ్లకు పనికొస్తుంది.

మొదట్లో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. కిటికీ పక్కన కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని. ఒక శనివారం మిషన్ ఖాళీ లేదని రెండు గంటలు ఆపేశారు. ఎప్పుడు పిలుస్తారని అడిగితే కౌంటర్‌లో ఉన్నాయన కసురుకున్నాడు. ఏడుపు మింగుకుని గేటు బయట ఛాయ్ బండి దగ్గరికి వచ్చాను. ఛాయ్ పోసే పెద్దమ్మ గ్లాసు అందిస్తూ నా మొహం చూసి, "పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?" అంది. లేదని తల ఊపాను. సీసా మూత తీసి రెండు బిస్కెట్లు నా చేతిలో పెట్టి, అటు తిరిగి ఇంకొకరికి ఛాయ్ పోసింది. అంతే. ఇంకేం అడగలేదు. వరండాలోకి తిరిగి వస్తుంటే నా నడకే మారింది.

అదే పొద్దున మా చుట్టాలు ముగ్గురు ఫోన్ చేశారు. ప్రేమతోనే చేశారు. కానీ చుట్టం అడిగితే లెక్క చెప్పాలి. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతుంది, ఎంత ఖర్చయింది, ముందు ముందు ఏం చేస్తారు. నేను ధైర్యంగా ఉన్నట్టు కూడా మాట్లాడాలి, లేకపోతే అవతల వాళ్లు ఏడుస్తారు. ఛాయ్ పెద్దమ్మకు నేను ఏ లెక్కా చెప్పక్కర్లేదు. తిన్నానా లేదా, అంతవరకే ఆమెకు కావాలి. కష్టంలో ఉన్న మనిషికి అలాంటి మాట ఎంత తేలిగ్గా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది, రోజూ ఒకే చోటికి పోవడం. ఒకే ఛాయ్ బండి, ఒకే పాల బూత్, కుదిరితే ఒకే టైముకు. నాలుగుసార్లు పోతే మీ మొహం వాళ్లకు గుర్తుంటుంది. ఐదోసారి "ఇయ్యాల లేటైందేంది?" అని వాళ్లే అంటారు. మనం రాకపోతే గమనించే మనిషి ఒకరున్నారంటే, తెలియని ఊరు కూడా కొంచెం మనదవుతుంది.

రెండోది, చేతిలో ఫోన్ కాకుండా ఏదైనా పని పెట్టుకోండి. నేను బ్లౌజులు కుడతాను. వరండాలోకి రెండు బ్లౌజులు, సూదీ దారం తెచ్చుకుని హుక్కులు, హెమ్మింగ్ అక్కడే చేసుకుంటాను. ఫోన్ చూస్తున్న మనిషిని ఎవరూ పలకరించరు. కుడుతున్న మనిషి పక్కన కూర్చున్న ఆడవాళ్లు రెండు నిమిషాల కంటే ఎక్కువ ఊరుకోలేరు. "అక్కా, ఈ చేతులకు పైపింగ్ ఎట్ల వేసినవ్?" అని మొదలవుతుంది. మిర్యాలగూడ నుంచి కొడుకును తీసుకొచ్చే ఒకామెకు కాజాలు కుట్టడం నేర్పాను. ఆమె కొడుకు జబ్బు గురించి నేను అడగలేదు, నాయిన గురించి ఆమె అడగలేదు. గంటసేపు దారం గురించే మాట్లాడుకున్నాం. ఆ గంట ఇద్దరం ఆస్పత్రిలో లేనట్టే ఉంది.

కుట్టుపని రాకపోతే చిక్కుడుకాయలు ఒలవండి, బిడ్డ నోట్‌బుక్కుకు అట్ట వేయండి, ఏదైనా సరే.

మాట ఎలా మొదలుపెట్టాలి అంటారా? అవతలి మనిషికి బాగా తెలిసిన సంగతి అడగండి. బత్తాయిలు అమ్మే ఆమెను "ఇవి ఏ తోటవి?" అని అడగండి. నల్లగొండలో బత్తాయి గురించి చెప్పలేని మనిషి ఉండడు. కండక్టర్‌ను "ఇయ్యాల కొండమల్లేపల్లిలో ఇంతమంది ఎక్కిన్రేంది?" అనండి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక మా బస్సులో కాలు పెట్టే జాగా ఉండదు. "జర జరుగు అక్కా" అన్నదే మొదటి మాటవుతుంది. అన్నా, అక్కా, పెద్దమ్మా, తాతా అని పిలవండి. ఆ ఒక్క పిలుపుతో సగం దూరం పోతుంది. ఊరు, కులం, జీతం, పెళ్లి అడగకండి. అవి అడిగితే మళ్లీ చుట్టాల లెక్కలే.

పలకరిస్తే ఏమనుకుంటారో అన్న టెన్షన్ నాకు చాలా రోజులు ఉండింది. ఒక పొద్దున వరండాలో కూర్చుని దీని గురించి ఫోన్‌లో చదివాను. అమెరికాలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగోలో రోజూ రైల్లో పనికి పోయేవాళ్లను కొందరిని పక్కవాళ్లతో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. మాట్లాడినవాళ్లకే ప్రయాణం ఎక్కువ హాయిగా అనిపించింది. మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించి చెప్పమన్నవాళ్లు మాత్రం, మౌనంగా ఉంటేనే బాగుంటుందని చెప్పారు. 2014లో వచ్చింది ఆ పరిశోధన. ఆ ఊహించినవాళ్ల భయమే నాదీ అని అర్థమైంది.

ఇచ్చింది తీసుకోవడం కూడా నేర్చుకోవాలి, నాకు ఇదే అన్నిటికంటే కష్టమైంది. ఒకసారి బస్సులో పక్కనున్న ముసలవ్వ "జర నీ సంచి నా ఒళ్లె పెట్టు బిడ్డా" అంటే వద్దులే అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఇంకొకరికి పనికొచ్చే అవకాశం ఆమెకు నేను లేకుండా చేశాను. ఇప్పుడు సంచి ఇస్తాను, సీటిస్తే కూర్చుంటాను, గొడుగు కిందికి రమ్మంటే పోతాను.

జాగ్రత్త మాత్రం వదలకండి. ఆడవాళ్లకు ఇది ముఖ్యం. పట్టపగలు, పదిమంది ఉన్న చోట మాట్లాడండి. ఫోన్ నంబర్, ఇల్లు ఎక్కడో చెప్పాల్సిన పని లేదు. మీ ముందు కొననిది, మీ ముందు వండనిది ప్రయాణంలో తినకండి. ఎవరైనా మాట పొడిగించి ఇబ్బంది పెడితే లేచి కండక్టర్ దగ్గరికి పోండి. పలకరిస్తే మొహం తిప్పుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఆ రోజు ఏం జరిగిందో మనకు తెలియదు, ఇంకోసారి అడగకుండా వదిలేయాలి. మనకే నోరు పెగలని రోజులుంటాయి, ఆ రోజు తల ఊపినా చాలు. ఇక రాత్రుళ్లు నిద్ర లేకుండా, వారాల తరబడి మనసు మునిగిపోతుంటే డాక్టర్‌కు చెప్పాలి. ఛాయ్ బండి ఆ పని చేయలేదు.

ఇప్పుడు నేను కూడా వరండాలో కొత్తవాళ్లు కనిపిస్తే వెతుక్కుంటూ పోతాను. మొదటి రోజు వచ్చినవాళ్లు తెలిసిపోతారు. ఫైల్ గుండెకు పట్టుకుని, కూర్చోవాలా నిలబడాలా తెలియక చూస్తుంటారు. "అన్నా, ఫ్యాన్ కిందికి రా. బాత్రూం ఆ చివర ఉంది, నీళ్లు ఇటు" అంటాను. వివరాలు అడగను. పోయేటప్పుడు "పైలంగ పోయిరాండ్రి" అంటాను.

గేటు దగ్గర బత్తాయిలు అమ్మే ఆమెతో నాయినకు ఇలాగే మాట కలిసింది. డయాలసిస్ మనిషికి నీళ్లు కూడా కొలిచే ఇస్తాం, బత్తాయి రసం అసలే ఇవ్వొద్దన్నారు. మొదటిసారి ఆమె గ్లాసు నింపబోతే సంగతి చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, అప్పుడే ఒలిచిన తొక్క ముక్క నాయిన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "తాగకుంటేంది తాతా, వాసనన్న చూడు." నాయిన దాన్ని నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మిషన్ మీద నుంచి లేచాక ఆయన ఎప్పుడూ కళ్లు మూసుకునే ఉంటాడు. ఆ రోజు దేవరకొండ దాకా చెయ్యి ముక్కు దగ్గరే పెట్టుకుని, దారి పొడుగునా బత్తాయి తోటలు చూపిస్తూ వచ్చాడు. ఇప్పుడు మంగళవారం మేం గేటు దాటేసరికి ఆమె తొక్క తీసి పక్కన పెట్టి ఉంచుతుంది.