గండికోటకు మళ్లీ జనం వస్తున్నారు సరే, మన అంగట్లో బేరం పెరగాలంటే ఏం చేయాలి?

2020 మార్చిలో కరోనా వల్ల కోటలు, గుళ్లు, గుహలు అన్నీ మూసేశారు. జమ్మలమడుగు, కొలిమిగుండ్ల దారుల్లో టీ బంకులు, మెస్సులు, ఆటోలు నడిపేవాళ్లలో కొందరికి అప్పుడు చేసిన అప్పు ఇంకా తీరలేదు. అందుకే ముందు అప్పు సంగతి చూడండి, అంగడికి రంగులేయించేది తర్వాత. ఐదు రూపాయల వడ్డీ వినడానికి చిన్నదే, లెక్కేస్తే ఏడాదికి నూటికి అరవై, అంటే 10,000 తెచ్చుకుంటే 6,000 వడ్డీకే పోతుంది.

టౌనులో తోపుడుబండి మీదో రోడ్డు పక్కనో అమ్ముకునేవాళ్లు మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి పీఎం స్వనిధి, అంటే వీధి వ్యాపారులకు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అప్పు పథకం గురించి అడగండి. హామీ పెట్టక్కర్లేదు. మొదటి విడత ఇదివరకు 10,000 ఉండేది, 2025లో 15,000 చేశారు, గడువు ప్రకారం కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. దీంతో సరుకు తెచ్చుకుని, రోజూ మిగిలేదాన్ని పెద్ద వడ్డీ అప్పుకు కట్టుకుంటూ రండి. మెస్, లాడ్జి ఉన్నవాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించుకుంటే బ్యాంకులో మాట్లాడటం తేలిక. అది పూర్తిగా ఉచితం, ఫీజు కట్టమని అడిగే సైటు కనిపిస్తే అది సర్కారుది కాదు, బయటికి వచ్చేయండి.

ఇక గిరాకీ. బెంగళూరు నుంచి శనాదివారాలు కార్లేసుకుని వచ్చే పిల్లోళ్లు తిండి ఎక్కడని ఎవర్నీ అడగరు, ఫోనే చూస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో మీ అంగడి పేరు కొట్టి చూడండి, లాక్‌డౌన్ నాటి పాత టైమింగ్సో, మూసేశారనో ఉంటే ఓనరుగా నమోదు చేసుకుని మార్చండి. దీనికీ పైసా ఖర్చు లేదు. ఫోటోల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఉగ్గాని బజ్జీ ఉండాలి. నూడుల్స్ వాళ్లకు బెంగళూరులోనే దొరుకుతాయి కదా, దానికోసం ఇంత దూరం ఎందుకొస్తారు!

సంగటి, కోడి అప్పటికప్పుడు కావు కాబట్టి ముందురోజు వాట్సాప్‌లో ఆర్డరు, సగం డబ్బు తీసుకోండి. వండింది మిగిలి నష్టపోయేది తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పక్కోడితో పోటీ పక్కనపెట్టి ఒకరి గిరాకీ ఇంకొకరికి పంపడం. చాలామంది గండికోటలో పెన్నా లోయ చూసి, రెండు ఫోటోలు దిగి మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. పొద్దుగూకేటప్పుడు లోయ, తెల్లారి మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, తర్వాత మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం గుహలు, పోతూ పోతూ తాడిపత్రి గుళ్లు అని ఒక కాగితం మీద రాసి ప్రతి మెస్సులో అంటించండి, కింద ఆటోవాళ్ల నంబర్లు వేయండి. రాత్రి ఆగితే లాడ్జికి, పొద్దున టిఫినుకి, ఆటోకి, చివరికి నీళ్ల బాటిల్ అమ్మేవాడికీ పని దొరుకుతుంది. కమీషన్ల గొడవ మాత్రం పెట్టుకోవద్దు, దాంతోనే చెడిపోతాయి ఇవన్నీ.

రేట్ల బోర్డు గోడకు పెట్టండి, మనిషిని బట్టి రేటు చెప్తే సాయంత్రానికల్లా రివ్యూలో రాసేస్తారు. మన ఏప్రిల్, మే ఎండలకు ఎటూ జనం పలచబడతారు, రిపేర్లు, బాత్రూముల పని అప్పుడు పెట్టుకుంటే వానాకాలం అయ్యేసరికి సీజనుకు సిద్ధంగా ఉంటారు.