గ్లిజరాల్ పాఠాలు – 4: ఉత్ప్రేరకం పెంచితే హద్దు జరగదు

గ్లిజరాల్, కార్బన్ డయాక్సైడ్ కలిసి గ్లిజరాల్ కార్బొనేట్, నీరు ఇచ్చే చర్యలో దిగుబడి 5 శాతం దగ్గర ఆగిపోతే ఏం చేస్తారని పోయిన పాఠం చివర అడిగాను. ఎక్కువమంది "సీరియం ఆక్సైడ్ (ఈ చర్యకు ఉత్ప్రేరకంగా వేసే పొడి) రెట్టింపు వేస్తాం" అన్నారు. అందుకే ఈసారి చెబుదామనుకున్న ఉత్ప్రేరకం తయారీ వాయిదా వేస్తున్నాను, ఇది తేలకుండా అక్కడికి వెళ్లి లాభం లేదు.

సమీకరణం మీకు తెలుసు. తూకం (మోల్‌కు గ్రాముల్లో) 92 + 44 = 118 + 18, సరిపోయింది.

ఇక అసలు సంగతి. ఉత్ప్రేరకం చర్యకు అడ్డుగా ఉన్న శక్తి గట్టును తగ్గిస్తుంది, కానీ ఆ గట్టు ఇటు నుంచి అటు వెళ్లేవాటికీ, అటు నుంచి వెనక్కి వచ్చేవాటికీ ఒకటే, కాబట్టి పురోగామి చర్య ఎన్ని రెట్లు వేగం పుంజుకుంటే తిరోగామి చర్య కూడా సరిగ్గా అన్ని రెట్లే పుంజుకుంటుంది. గ్లిజరాల్ కార్బొనేట్‌ను తయారుచేసే పొడే నీళ్లున్నచోట దాన్ని విడగొడుతుంది కూడా. సమతాస్థితికి, అంటే రెండు వైపుల వేగాలూ సమానమై దిగుబడి ఆగిపోయే హద్దుకు, త్వరగా చేరతారు, అంతే. అలా కాక, పొడి వేస్తే సమతాస్థితి ఒకచోట, తీస్తే ఇంకోచోట ఉంటుందనుకోండి, వేస్తూ తీస్తూ ఉత్తినే శక్తి పుట్టించుకోవచ్చు. అది జరగని పని.

మరి మీ చర్య ఆగింది హద్దు దగ్గరేనా, ఉత్ప్రేరకం చచ్చిపోయిందా? 3, 6, 12 గంటలకు నమూనా తీయండి. దిగుబడి ఇంకా పెరుగుతుంటే అది వేగం సమస్య, అప్పుడు పొడి పెంచడం సరైన పనే. పెరగడం ఆగిపోతే కొత్త పొడి కొంచెం వేయండి: మళ్లీ కదిలితే పాతది చచ్చినట్టు, కదలకపోతే అదే హద్దు. ఒక్క నమూనా చూసి తీర్పు చెప్పకండి.

ఇప్పుడు లెక్క. సమతాస్థితి స్థిరాంకం, అంటే ఆ స్థితిలో పుట్టినవాటి గాఢతల లబ్ధాన్ని మిగిలినవాటి గాఢతల లబ్ధంతో భాగిస్తే వచ్చేది, 0.0025 అనుకుందాం (వర్గమూలం సులువుగా వస్తుందని తీసుకున్నాను, నిజమైన విలువ ఉష్ణోగ్రతతో మారుతుంది). మారిన గ్లిజరాల్ వాటా "మ". రెండూ సమాన మోల్‌లు తీసుకుంటే మ² ÷ (1 − మ)² = 0.0025, అంటే మ సుమారు 0.048. ఈ లెక్కలో ఉత్ప్రేరకం బరువు ఎక్కడైనా కనిపించిందా?

ద్రవంలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను 10 రెట్లు చేస్తే 14.5 శాతం వస్తుంది. పీడనం పెంచేది ఇందుకే. అలా కాకుండా పుట్టిన నీటిలో నూటికి 99 వంతులు తీసేస్తే 33 శాతం. నేనైతే ముందు నీటి సంగతే చూస్తాను.

నీటిని పట్టుకోవడానికి 2-సయనోపిరిడిన్ వాడతారు, అది నీటిని తీసుకుని 2-పికోలినమైడ్ అవుతుంది. అసిటోనైట్రైల్ కూడా వాడతారు గానీ నాకు దానిమీద అంత నమ్మకం లేదు. అది నీటితో కలిసి అసిటమైడ్ అవుతుంది, ఆపైన గ్లిజరాల్‌తో చేరి అసిటిన్లు (గ్లిజరాల్ అసిటేట్ ఎస్టర్లు, మనకు అక్కర్లేనివి) పుట్టిస్తుంది. గ్లిజరాల్ 80 శాతం ఖర్చయిందని సంబరపడతారు, అందులో పావు వంతే కార్బొనేట్ అయితే దిగుబడి 20 శాతమే. కార్బన్ డయాక్సైడ్ బదులు డైమిథైల్ కార్బొనేట్ వాడే దారిలో నీటి బదులు మిథనాల్ వస్తుంది, దాని గురించి తర్వాత.

అభ్యాసం: అదే స్థిరాంకంతో కార్బన్ డయాక్సైడ్ 10 రెట్లు, నీరు నూరో వంతు, రెండూ ఒకేసారి పెట్టి లెక్కించండి. సుమారు 75 శాతం రావాలి. తర్వాత 920 గ్రాముల గ్లిజరాల్‌కు ఎన్ని గ్రాముల కార్బొనేట్, ఎన్ని గ్రాముల 2-పికోలినమైడ్ (మోల్‌కు 122 గ్రాములు) వస్తాయో రాయండి. రెండో అంకె మొదటిదానికంటే పెద్దదిగా వస్తే తప్పు చేశామని కొట్టేయకండి, అది సరైన జవాబే. ఆ పికోలినమైడ్‌ను మళ్లీ సయనోపిరిడిన్‌గా మార్చకపోతే ఈ పద్ధతి ఎందుకు గిట్టుబాటు కాదో కూడా రెండు వాక్యాల్లో రాసి పంపండి.