స్పోర్ట్స్ కారు టైరులో గాలి దిగుతోందా? నల్లగొండ, పాలమూరు దారుల్లో రిపేరు ఎలా, ఖర్చెంత

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి సాగర్‌కో, శ్రీశైలానికో బయలుదేరే స్పోర్ట్స్ కార్లు ఇప్పుడు మన దారుల్లో కొత్తేమీ కాదు. వాటి టైరులో గాలి దిగితే మాత్రం ఓనరుకి టెన్షన్, పంక్చర్ షాపు అన్నకి చెయ్యి పెట్టాలా వద్దా అన్న సందేహం. ఖర్చు రెండొందలతో తేలిపోవచ్చు, యాభై వేలు దాటనూ వచ్చు. గాలి టైరులో ఎక్కడి నుంచి పోతోంది, పోతోందని తెలిశాక కూడా కారును ఎంత దూరం నడిపారు అన్నదాన్ని బట్టే బిల్లు ఉంటుంది.

ముందు కారు ఆపండి

టైరు మీద 255/35 ఆర్ 19 అని ఉందనుకోండి. వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 35 శాతం, అంటే దాదాపు 9 సెంటీమీటర్లు. గాలి తగ్గితే ఆ కాస్త రబ్బరు అలాయ్ (టైరు ఎక్కించే లోహపు చక్రం) అంచుకీ రోడ్డుకీ మధ్య నలిగిపోతుంది. 'ఊరు దగ్గరే కదా' అని నాలుగు కిలోమీటర్లు లాగిస్తే, టైరు విప్పినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. ఆ పొడి కనిపించిందంటే ఇక ప్యాచ్ మాట ఎత్తొద్దు, కొత్త టైరే.

రన్‌ఫ్లాట్ టైర్లయితే గాలి లేకున్నా సాధారణంగా 80 కిలోమీటర్ల వేగం దాటకుండా, 80 కిలోమీటర్ల దూరం వరకు పోవచ్చు. మీవి అవేనో కావో ఇంటి దగ్గరే చూసి పెట్టుకోండి.

చలికాలం పొద్దున డ్యాష్‌బోర్డులో టైరు గుర్తు వెలిగితే అది లీకే కానక్కర్లేదు. చలికి గాలి ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది. సరిపడా నింపి మర్నాడు చూడండి, మళ్లీ తగ్గితే అప్పుడు లీకు.

లీకు ఎక్కడో పట్టుకోండి

మేకు కనిపిస్తే పీకొద్దు. చాలాసార్లు ఆ మేకే గాలిని ఆపి ఉంచుతుంది. ఏమీ కనిపించకపోతే సబ్బు నీళ్లే దిక్కు. ముందు వాల్వ్ మీద పోసి బుడగలు వస్తాయేమో చూడండి. తర్వాత రోడ్డుకు తగిలే భాగం అంతా, చివర్లో టైరు, అలాయ్ కలిసే అంచు చుట్టూ. ఈ అంచు దగ్గర తొందరపడొద్దు. ఇక్కడ బుడగలు ఒక్కసారిగా రావు, సన్నటి తెల్లని నురుగులా నెమ్మదిగా పేరుకుంటాయి. రెండు రోజులకోసారి గాలి నింపాల్సి వస్తోందంటే, గుంతలో పడి అలాయ్ వంగడమో, అంచున తుప్పు పట్టడమో అయ్యుంటుంది. లోపలి వైపు వంపు కారు కింద వంగి చూసినా కనపడదు, చక్రం విప్పాల్సిందే.

రోడ్డు మీద ఇరుక్కుంటే

ఈ కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. డిక్కీలో గాలి నింపే చిన్న కంప్రెసర్, రంధ్రం మూసే జిగురు (సీలెంట్) సీసా ఇస్తారు. సీసా మీద గడువు తేదీ చూసుకోండి. పక్క గోడ కోసుకుపోయిన టైరుకి అది పనికిరాదు. వాడితే వేగం 80 దాటకుండా నడిపి, షాపులో టైరు విప్పే ముందే ఆ మాట చెప్పండి. లేకపోతే జిగురంతా వాళ్ల చేతుల మీద, వాళ్ల తిట్లు మీకు. విజయవాడ హైవే మీదైనా, జడ్చర్ల మీదుగా బెంగళూరు హైవే మీదైనా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే సాయం వస్తుంది. కారును మాత్రం నాలుగు చక్రాలూ పైకి ఎక్కే ఫ్లాట్‌బెడ్ మీదే తరలించండి. కొక్కెం వేసి లాగిస్తే ముందు బంపరు ఖర్చు టైరు ఖర్చును మించుతుంది.

షాపు చూసుకోండి

హైవే పక్క లారీ టైర్ల షెడ్డులో పనితనానికి లోటు లేదు, కానీ సామాను వేరు. గడ్డపారలతో విప్పితే అలాయ్ గీతలు పడుతుంది, టైరు అంచు చిరుగుతుంది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో వీల్ అలైన్‌మెంట్ చేసే షాపుకి వెళ్లి, 'అన్నా, లో ప్రొఫైల్ టైరు (పక్క గోడ పొట్టిగా ఉండేది) మిషన్ మీద ఎక్కుతదా?' అని ముందే అడగండి. ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి మామూలు జాకీ దూరకపోవచ్చు, దూరినా మాన్యువల్‌లో చూపిన చోటే పెట్టాలి. చక్రం దొంగలు విప్పకుండా వేసే లాకింగ్ నట్టు ఉంటే దాని కీ మీ దగ్గర ఉండాలి. అది ఇంట్లో మరిచిపోతే చక్రం విప్పడం కష్టం.

ఎంత అవుతుంది

బయటి నుంచి రంధ్రంలోకి రబ్బరు స్ట్రిప్ దూర్చడం 100 నుంచి 200 రూపాయలు. ఊరు చేరడానికి అది చాలు. వేగంగా నడిపే కారుకి మాత్రం టైరు విప్పి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగులా కాడ రంధ్రంలోకి, గొడుగు లోపల అంటుకునే ప్యాచ్) వేయించండి. ప్యాచ్, బ్యాలెన్సింగ్ కలిపి 500 నుంచి 1,500 దాకా అడగొచ్చు. రంధ్రం మధ్య భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు ఉంటేనే ఈ పని. భుజం (రోడ్డుకు తగిలే భాగం పక్క గోడతో కలిసే అంచు) మీదో పక్క గోడ మీదో ఉంటే ఎవరు 'చేసిస్తా' అన్నా వద్దనండి. కొన్ని కంపెనీలు ఇలాంటి టైర్లకు ప్యాచే వద్దంటాయి, మాన్యువల్ చూసుకోండి.

వాల్వ్ పిన్ మార్చడం వంద లోపు పని. వాల్వుకే ప్రెజర్ సెన్సర్ ఉంటే, అది విరిగితే వేలల్లోకి పోతుంది. అందుకే విప్పే ముందే సెన్సర్ ఉందని చెప్పాలి. వంగిన అలాయ్ సరిచేయడానికి చక్రానికి 1,500 నుంచి 4,000 దాకా కావచ్చు. పగిలిన అలాయ్‌కి వెల్డింగ్ చేయించి వంద మీద తోలడం నాకైతే నచ్చదు.

కొత్త టైరు తప్పదంటే సైజును బట్టి 20 వేల నుంచి 60 వేలు, పెద్ద బ్రాండ్లయితే ఇంకా ఎక్కువ. ముందు వెనక సైజులు వేరైతే అటూ ఇటూ మార్చుకోవడం కుదరదు. పక్క టైరు బాగా అరిగి ఉంటే రెండూ మార్చాల్సి రావచ్చు. టైరు మీద సైజు పక్కనుండే వేగం అక్షరం పాతదానికి తగ్గకూడదు: డబ్ల్యూ అంటే 270, వై అంటే 300 కిలోమీటర్ల వరకు. తయారీ తేదీ కూడా చదవండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. నైట్రోజన్ నింపుతామంటే మొహమాటపడకుండా వద్దనండి, మామూలు గాలి చాలు.

ఉత్త పంక్చర్‌కి మామూలు ఇన్సూరెన్స్ రాదు. ప్రమాదంలో కారుకీ దెబ్బ తగిలితేనే టైరు ఖర్చులో సగం ఇస్తారు. విడిగా టైర్ కవర్ తీసుకుని ఉంటే, బిల్లు, ఫొటోలు దాచి క్లెయిమ్ పెట్టండి.

నట్లు గన్‌తో కాకుండా, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించమనండి. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు మీదున్న ఒత్తిడే నింపించి, వందలోపు కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఓసారి చూపించండి. మర్నాడు పొద్దున, బండి కదపక ముందే గేజ్ పెట్టి చూడండి.