బార్లీవైన్ రుచి చూడటం: సీసా ఇంటికి చేరినప్పటి నుంచి అడుగు మిగిలేదాకా

పేరులో వైన్ ఉంది గానీ బార్లీవైన్‌లో ద్రాక్ష చుక్క కూడా ఉండదు. ఇది బీరే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో (దీన్నే మాల్ట్ అంటారు) చేసే ఇంగ్లండ్ ఏల్, అంటే లాగర్‌లా చల్లగా కాక కాస్త వెచ్చగా పులియబెట్టే బీరు రకం. వైన్‌కు ఉండేంత బలం ఉంటుందని ఆ పేరు పడింది. మామూలు లాగర్ బీరులో ఆల్కహాల్ 5 శాతం చుట్టుపక్కల ఉంటుంది, మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మే బీరులో 8 శాతం దాకా ఉంటుంది. ఇది 8 దగ్గర మొదలై 12 వరకు పోతుంది. వరంగల్, హన్మకొండ వైన్ షాపుల్లో మామూలుగా దొరికే సరుకు కాదు. ఇంగ్లండ్‌లో ఉన్న చుట్టాలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకొచ్చే ఒకటి రెండు సీసాలే మనకు దిక్కు. అట్లా వచ్చిన సీసాను ఫ్రీజర్‌లో పడేసి, గడ్డకట్టేంత చల్లగా చేసి గటగటా తాగితే చేదు తప్ప ఏమీ తెలియదు. ఇంత దూరం వచ్చిన సీసాకు ఆ గతి పట్టకూడదు.

ముందు ఆ రుచి ఎక్కడిదో తెలియాలి. చారుకు చింతపండు పిసికితే మొదటి రసం చిక్కగా వస్తుంది, మళ్లీ నీళ్లు పోసి పిసికితే పలచగా వస్తుంది. ఇంగ్లండ్ పాత పద్ధతి అచ్చం ఇదే. పగలగొట్టిన బార్లీ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి, తొలిసారి దించిన చిక్కటి తీపి రసంతో బార్లీవైన్ చేసేవారు. అదే పిప్పి మీద మళ్లీ నీళ్లు పోసి తీసిన రసంతో రోజువారీ తాగే పలచటి బీరు చేసేవారు. చిక్కటి రసాన్ని ఎక్కువసేపు మరిగిస్తే చెరకు రసం బెల్లమయ్యేటప్పుడు ముదిరినట్టు రంగు ముదురుతుంది. హాప్స్ అనే పూలు చేదునిస్తాయి, పులియబెట్టే ఈస్ట్ పండ్ల వాసనలు తెస్తుంది, నెలల తరబడి నిల్వ ఉంచితే ఘాటు మెత్తబడుతుంది. బర్టన్ ఆన్ ట్రెంట్ ఊళ్లో బాస్ కంపెనీ చేసిన నంబర్ 1 ఏల్ బార్లీవైన్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన తొలి బీర్లలో ఒకటి. మాంచెస్టర్ దగ్గరి జె.డబ్ల్యు. లీస్ వారి హార్వెస్ట్ ఏల్ 1986లో మొదలైంది, దాని బలం 11.5 శాతం. లండన్ ఫుల్లర్స్ వారి గోల్డెన్ ప్రైడ్ 8.5 శాతం. చుట్టాలకు చెప్పి తెప్పించుకునేవాళ్లు ఈ రెండు పేర్లూ రాసిపెట్టుకోవచ్చు. అమెరికా రకం వేరు. 1983లో వచ్చిన సియెర్రా నెవాడా బిగ్‌ఫుట్ లాంటివాటిలో హాప్స్ చేదు ముందు నిలబడుతుంది. కింద చెప్పేదంతా ఇంగ్లండ్ రకానికి.

తేవడం, దాచడం

విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లు తలకు 2 లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే 275 మి.లీ. సీసాలు ఏడు. చేతి బ్యాగులో రానివ్వరు, చెక్ఇన్ సూట్‌కేసులోనే పెట్టాలి. ఒక్కో సీసాను ముందు పాలిథిన్ సంచిలో కట్టి, ఆపైన మందపాటి బట్ట చుట్టి, నాలుగు వైపులా బట్టలు ఉండేలా నడుమ పెట్టమనండి. శంషాబాద్‌లో దిగాక ఆ సూట్‌కేసు కారు డిక్కీలో పడకుండా చూసుకోవాలి. వరంగల్ చేరేసరికి మూడు గంటలు దాటుతుంది. ఎండకాలం మధ్యాహ్నం డిక్కీ పొయ్యితో సమానం. సీసాలు తీసి ఏసీ తగిలేచోట, కాళ్ల దగ్గర పెట్టుకోండి.

వేడి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే సీసాలో జరిగే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. ఇంగ్లండ్‌లో నేలమాళిగలు 12 డిగ్రీల దగ్గర ఉంటాయి. మే నెలలో మన ఇంట్లో సజ్జ మీద 42 ఉంటుంది. 30 డిగ్రీల తేడా అంటే రెట్టింపు మూడుసార్లు, ఎనిమిది రెట్ల వేగం. అక్కడ ఏళ్లకు వచ్చే ముసలితనం ఇక్కడ ఒక్క ఎండకాలంలో వస్తుంది, అదీ చెడ్డ రకంగా వస్తుంది. కాబట్టి బీరువా వద్దు, సజ్జ వద్దు. ఫ్రిజ్‌లో కింది అరలో, వెనక గోడ వైపు, నిలబెట్టి ఉంచండి. పడుకోబెడితే అడుగు మడ్డి పక్కకంతా పరుచుకుంటుంది. ఫ్రిజ్ తలుపులో పెడితే తీసినప్పుడల్లా కుదుపు, వేడిగాలి తప్పవు. ఫ్రీజర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంత బలమున్న బీరు కూడా మైనస్ 5 దగ్గర గడ్డకడుతుంది, మైనస్ 18లో సీసా పగులుతుంది. వెలుతురు తగలకుండా న్యూస్ పేపర్ చుట్టండి.

ఫ్రిజ్ చలిలో ఏల్ ముదరడం నెమ్మదిగా సాగుతుంది, కానీ పాడవదు. ఏళ్ల తరబడి దాచాలనుకుంటే ఇదొక్కటే మార్గం. ఒకే బీరు రెండు వేర్వేరు సంవత్సరాల సీసాలు చేతికొస్తే దాచి పక్కపక్కన తాగండి. కాలం ఏం చేస్తుందో అంత స్పష్టంగా మరో విధంగా తెలియదు.

ఏ రోజు, ఏ వేడిలో

ఇది చలికాలపు పానీయం. డిసెంబరు, జనవరి రాత్రులే దీనికి సరైనవి. ఆ రోజుల్లో వరంగల్ రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి, గదిలో గ్లాసు త్వరగా వేడెక్కదు. పోసేటప్పుడు ఏల్ 12 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీలతో బయటికొచ్చిన చిన్న సీసా ఆ వేడికి రావడానికి చలికాలం సాయంత్రం 45, 50 నిమిషాలు పడుతుంది, మే నెలలో 20, 25 నిమిషాలు చాలు. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. వంటింటి థర్మామీటర్ ఉంటే మొదట పోసిన గుక్కలో పెట్టి చూడండి. మరీ చల్లగా ఉంటే వాసన లేవదు, చేదు మాత్రం మిగులుతుంది. 20 దాటితే ఆల్కహాల్ ముక్కులో గుచ్చుతుంది, తీపి జిగటగా అనిపిస్తుంది.

లేబుల్ మీద సీసాలోనే పులిసిన బీరని రాసి ఉంటే, లేదా దీపానికి ఎదురుగా పెడితే అడుగున పొర కనిపిస్తే, తాగడానికి రెండు రోజుల ముందు నుంచి కదపకండి.

గ్లాసు, కొలత

స్టీలు గ్లాసు వద్దు. రంగు కనబడదు, వెడల్పు మూతి వాసనను నిలవనివ్వదు. పొట్ట ఉబ్బి మూతి ఇరుకైన వైన్ గ్లాసు చాలు. కూర గిన్నెలు తోమిన స్క్రబ్బర్‌తో దాన్ని తోమకండి. నూనె పొర ఏమాత్రం ఉన్నా నురగ నిలబడదు. చెంచాడు తినేసోడాతో కడిగి, నాలుగుసార్లు నీళ్లు తిప్పి, బోర్లించి ఆరబెట్టండి. తడి గ్లాసు లోపల నీళ్లు ఒకే పొరలా జారితే శుభ్రమైనట్టు, చుక్కలు చుక్కలుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టు.

కొలత దగ్గర చాలామంది పొరబడతారు. 11.5 శాతం ఉన్న 275 మి.లీ. సీసాలో దాదాపు 25 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం ఉన్న 650 మి.లీ. పెద్ద బీరు సీసాలోనూ అంతే. చిన్న సీసా కదా అని ఒక్కరే రెండు తాగితే రెండు పెద్ద బీర్లు తాగినట్టు. ముగ్గురు కూర్చుని తలా 85 మి.లీ. పంచుకుంటే సరిగ్గా సరిపోతుంది. బండి నడిపి ఇంటికి పోవాల్సినవాళ్లు వాసన చూసి ఆగాలి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం చట్టరీత్యా కుదరదు.

ముక్కుకు ముందు పాఠం

బార్లీవైన్ గురించి చెప్పేవాళ్లు ఫ్రూట్‌కేక్, టాఫీ, ప్లమ్ అంటూ ఇంగ్లండ్ పిల్లలు చిన్నప్పటి నుంచి తిన్న వాటి పేర్లే చెబుతారు. అవి తినని ముక్కుకు ఆ మాటలతో పనిలేదు. ఆ వాసనలు మాత్రం మనకు కొత్తవి కావు. సీసా తెరవడానికి అరగంట ముందు ఆరు చిన్న గిన్నెలు పెట్టుకోండి: నల్లబెల్లం ముక్క, ఎండు ఖర్జూరం, కిస్మిస్, ఎండిన ఇప్పపువ్వు, జొన్నరొట్టె కొద్దిగా మాడిన అంచు, పొడి టీ ఆకు. మొదటి నాలుగింటి మీద చెంచాడు గోరువెచ్చని నీళ్లు చల్లితే వాసన విచ్చుకుంటుంది. ఒక్కోటి రెండు మూడు సార్లు చిన్నగా పీల్చి, కళ్లు మూసుకుని మళ్లీ గుర్తుపట్టండి.

వీటిలో ఇప్పపువ్వుకు పెద్దపీట వేయాలి. ములుగు, ఏటూరునాగారం, ఉట్నూరు వైపు మార్చి, ఏప్రిల్‌లో రాలే పువ్వును ఏరి ఎండబెడతారు. ఎండినాక అది కిస్మిస్ లాగా, కొంచెం పులిసిన తేనె లాగా ఉంటుంది. ముదిరిన బార్లీవైన్ గ్లాసులోంచి లేచే వాసనకు దీనికన్నా దగ్గరిది మన ప్రాంతంలో మరొకటి లేదు. ఇక బెల్లం గురించి మేడారం నేల మనిషికి చెప్పక్కర్లేదు. తల్లుల గద్దెల దగ్గర దాన్ని బంగారమనే పిలుస్తారు. కొత్త బెల్లం వాసన లేత బార్లీవైన్‌లో ఉంటే, ఏడాది దాటి ముదిరిన బెల్లం వాసన పాతదాంట్లో ఉంటుంది.

గదిలో అగరబత్తి, దోమల కాయిల్ ఆర్పేయండి. వక్క, జర్దా, సిగరెట్ గంట ముందే ఆపాలి.

గ్లాసులో

గ్లాసును కొంచెం వంచి, గోడ మీదుగా నెమ్మదిగా పోయండి. పంచేటప్పుడు సీసాను మధ్యలో నిలబెట్టకండి, లేపిన ప్రతిసారీ మడ్డి కదులుతుంది. గ్లాసులన్నీ పక్కపక్కన పెట్టి ఒకే వంపులో నింపి, చివరి 15, 20 మి.లీ. సీసాలోనే వదిలేయండి. ఆ మడ్డి విషమేమీ కాదు, ఈస్టే. గ్లాసులో కలిస్తే మాత్రం రొట్టెపిండి రుచి అన్నిటినీ కప్పేస్తుంది.

నురగ కొద్దిగానే వచ్చి త్వరగా దిగుతుంది, ఇంత ఆల్కహాల్‌లో అది మామూలే. రంగు తేనె నుంచి ముదురు ఎరుపు గోధుమ దాకా ఉండొచ్చు. తిప్పితే గోడల మీద ధారలు మెల్లగా దిగుతాయి. అది ఆల్కహాల్ గుర్తు, నాణ్యత గుర్తు కాదు.

పోసిన వెంటనే ఒకసారి చిన్నగా వాసన పీల్చండి. త్వరగా ఎగిరిపోయేవి అప్పుడే దొరుకుతాయి. తర్వాత గ్లాసు తిప్పి, ముక్కును అంచుకు రెండు వేళ్ల దూరంలో ఉంచి మళ్లీ పీల్చండి. గ్లాసులోకి ముక్కు దూరిస్తే ఆల్కహాల్ తప్ప ఏదీ తెలియదు. ఆరు గిన్నెల్లో ఏది గుర్తొస్తోందో పైకి చెప్పండి, పక్కవాళ్లు వేరేది చెబితే ఆ గిన్నె మళ్లీ చూడండి.

గుక్క 10 మి.లీ. మించకూడదు. నాలుకంతా తగిలేలా తిప్పి, నాలుగైదు సెకన్లు ఆపి మింగండి. ఉమ్మేయకూడదు, చేదు మింగేటప్పుడే బాగా తెలుస్తుంది. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. బెల్లం, ఖర్జూరం, ఇప్పపువ్వు ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి. మంచి బార్లీవైన్ ముందు తియ్యగా తగిలి, మధ్యలో మాల్ట్ నిండుగా ఉండి, చివర టీ ఆకు లాంటి చేదుతో ముగుస్తుంది. ఆ చేదు లేకపోతే పాకం తాగినట్టే ఉండేది. గొంతులో వెచ్చగా దిగాలి, మండకూడదు.

ఇప్పుడు గ్లాసు కింద పెట్టి పది నిమిషాలు వదిలేయండి. 16, 17 డిగ్రీలకు చేరేసరికి ఇందాక లేని వాసనలు లేస్తాయి. 85 మి.లీ.కి ముప్పావు గంట పట్టినా ఎక్కువ కాదు. గుక్కల మధ్య మామూలు మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు చాలు. ఐస్ నీళ్లు నాలుకను మొద్దుబారుస్తాయి.

పాడైందా, అట్లాగే ఉంటుందా

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి, వేడి కలిసి పాడుచేసినట్టు. మన దగ్గరికి వచ్చే సీసాల్లో ఎక్కువగా ఎదురయ్యే జబ్బు ఇదే. అదే గాలి చలిలో నెమ్మదిగా పనిచేస్తే ఎండు పండ్లు, పాత ద్రాక్షసారా వాసన వస్తుంది, అది మెచ్చుకోదగ్గదే. సోయాసాస్ వాసన వస్తే చచ్చిన ఈస్ట్ చీకి కరిగిపోయిందని అర్థం. కొద్దిగా ఉంటే భరించొచ్చు, నూడుల్స్ గుర్తొచ్చేంత ఉంటే పారబోయాల్సిందే. కాలిన రబ్బరు లాంటి కంపు వెలుతురు తగలడం వల్ల వస్తుంది, పచ్చ సీసాల్లో, తెల్ల సీసాల్లో ఎక్కువ. వెన్న వాసన లీలగా ఉంటే ఇంగ్లండ్ ఏల్స్‌లో తప్పు పట్టరు.

నిన్నటి కల్లు లాగా పులుపు కొడితే బ్యాక్టీరియా చేరినట్టు. కల్లు పులిసి వెనిగర్ అయ్యేదీ ఇదే దారిలోనే. మూత తీయగానే నురగ పొంగి బయటికొస్తే ముందు వేడిని, కుదుపును అనుమానించండి. రెండో సీసాను రెండు రోజులు చల్లగా నిలబెట్టి చూడండి, అదీ పొంగితే లోపల అనుకోని పులియడం జరిగిందని తెలుసుకోండి. గ్యాస్ లేకుండా చప్పగా ఉండటం పాత సీసాలో లోపం కాదు.

అంచుకు ఏం పెట్టాలి

ఇంగ్లండ్‌లో దీనికి జోడీ స్టిల్టన్ అనే నీలి చారల చీజ్. ఉప్పు, కొవ్వు కలిసి తీపిని పట్టుకుంటాయి. మనకు సకినాలున్నాయి. నువ్వులు, వాము, ఉప్పు, నూనె ఉంటాయి, కారం ఉండదు. సంక్రాంతి చలి, సకినాలు, బార్లీవైన్ ఒక్కసారే కుదురుతాయి. నువ్వుల లడ్డు, పల్లిపట్టి కూడా బాగుంటాయి, కానీ ఏల్ కన్నా తియ్యగా ఉంటే ఏల్ చేదుగా తోస్తుంది కాబట్టి బెల్లం తగ్గించి చేసినవి పెట్టండి. కారం మాత్రం దూరంగా ఉంచాలి. 10 శాతం ఆల్కహాల్ మిర్చి మంటను రెట్టిస్తుంది, ఆ తర్వాత ఏ వాసనా అందదు. మటన్ వేపుడు లేనిదే కుదరదంటే 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా మిర్చితో చేయండి. దానికి ఎరుపు ఎక్కువ, కారం తక్కువ.

సీసాలో మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి గ్యాస్ పోతుంది, రెండో రోజుకు అట్ట వాసన మొదలవుతుంది. అడుగు మడ్డిని, మిగిలిన గుక్కను అరకిలో మటన్‌కు పట్టించి రెండు గంటలు నానబెట్టొచ్చు. 50 మి.లీ. దాటనివ్వకండి. ఉడికి ఇగిరేకొద్దీ హాప్స్ చేదు చిక్కబడి కూరంతా పట్టేస్తుంది.